గోధుమలో రై ముక్క
(రేడియో ప్రసంగం)

పొలం గట్టున నిలబడి ఎంతసేపు చూసినా కంటికి అందని ఒక సంగతి గురించి ఈ సాయంత్రం మాట్లాడుకుందాం. మనం తినే గోధుమ, వరి వంగడాల్లో చాలా వాటి వారసత్వం పూర్తిగా ఆ పంటది కాదు. వాటి క్రోమోజోముల్లో ఎక్కడో ఒకచోట మరో జాతి మొక్క నుంచి, చాలాసార్లు ఎవరూ సాగుచేయని అడవి గడ్డి నుంచి వచ్చిన ముక్క అతుక్కుని ఉంటుంది. తెగుళ్లను తట్టుకునే శక్తి కోసం శాస్త్రవేత్తలు సంకరం చేసి, ఏళ్ల తరబడి ఏరి తెచ్చిన ముక్క అది. తెగులు తగ్గింది, దిగుబడి వచ్చింది, ఇక ఆ ముక్క గురించి ఆరా ఎందుకని అడిగేవారున్నారు. ఆరా తీయక తప్పదని నేను అంటాను. ముక్క పనిచేస్తోందని తెలిస్తే సరిపోదు. అది ఎంత పొడవుంది, ఏ క్రోమోజోములో ఎక్కడ మొదలై ఎక్కడ ఆగింది, కోరుకున్న జన్యువుతో పాటు ఇంకేం మోసుకొచ్చింది, దేశంలో ఎన్ని వంగడాలు అదే ముక్క మీద ఆధారపడ్డాయి అన్నవన్నీ తెలియాలి. తెలిసినదాన్ని దాచకుండా రైతుకూ పరిశోధకుడికీ అందుబాటులో పెట్టాలి.

ముందు ఆ ముక్క ఎందుకు పెద్దదిగా వస్తుందో చూద్దాం. రొట్టె గోధుమ కణంలో 42 క్రోమోజోములు ఉంటాయి. మూడు వేరు వేరు పూర్వీకుల నుంచి ఏడేసి జతలుగా వచ్చి చేరినవవి. పక్క జాతి అయిన రైలో 14 మాత్రమే. మామూలు సంకరంలో తల్లి, తండ్రి క్రోమోజోములు జతకట్టి ముక్కలు మార్చుకుంటాయి కాబట్టి తరాలు గడిచేకొద్దీ అవసరం లేని భాగాలు రాలిపోతాయి. గోధుమ, పరాయి జాతి క్రోమోజోముల మధ్య అలా జరగదు. 5బి అనే క్రోమోజోము మీద పీహెచ్1 అనే ఒక జన్యు స్థానం ఉంది. సొంత జత కాని క్రోమోజోములు కలవకుండా అది కాపలా కాస్తుంది. 1950ల చివర్లో ఈ సంగతి బయటపడింది. ఆ కాపలా వల్లే మూడు పూర్వీకుల సంపద కలగాపులగం కాకుండా గోధుమ నిలకడగా పండుతోంది. ఆ కాపలా వల్లే బయటి ముక్క ఒకసారి లోపలికి వచ్చాక చిన్నది కావడమూ కష్టం. అమెరికాలో మిస్సౌరీకి చెందిన సియర్స్ అనే శాస్త్రవేత్త 1956లో అడవి గడ్డి అయిన ఈజిలాప్స్ నుంచి ఆకు తుప్పు తెగులును తట్టుకునే జన్యువును గోధుమలోకి తెచ్చినప్పుడు ఎక్స్‌రే కిరణాలతో క్రోమోజోములను విరగ్గొట్టాల్సి వచ్చింది. విరిగినవి ఎక్కడ అతుక్కుంటాయో మన చేతిలో లేదు. సంకరం పూర్తయ్యాక వెతికి చూసుకోవడం అప్పటినుంచే ఈ పనిలో విడదీయరాని భాగం.

వెతకకుండా వదిలేస్తే ఏమవుతుందో చెప్పడానికి రై ముక్క కథే సరైన సాక్ష్యం. 1930ల ప్రాంతంలో జర్మనీలో గోధుమనూ రైనూ కలిపి పెంచిన మొక్కల వరుసల్లో ఒక మార్పు జరిగింది. గోధుమ 1బి క్రోమోజోము పొట్టి భుజం ఊడిపోయి, దాని స్థానంలో రై 1ఆర్ క్రోమోజోము పొట్టి భుజం వచ్చి అతుక్కుంది. ఆ భుజం మీద కాండపు తుప్పు, ఆకు తుప్పు, పసుపు తుప్పు, బూడిద తెగులు, ఈ నాలుగింటినీ అడ్డుకునే జన్యువులు వరసగా ఉన్నాయి. అలాంటి మొక్కను ఏ ప్రజనన శాస్త్రవేత్త వదులుకుంటాడు? అది చేతులు మారి సోవియట్ దేశంలో అవ్రోరా, కావ్‌కాజ్ అనే ప్రసిద్ధ వంగడాల్లోకి చేరింది. కావ్‌కాజ్ నుంచి మెక్సికోలోని అంతర్జాతీయ గోధుమ, మొక్కజొన్న పరిశోధన కేంద్రం వీరీ వరుసల్లోకి, అక్కడి నుంచి ప్రపంచమంతటికీ, మన దేశంలో 1995లో విడుదలై వాయవ్య రాష్ట్రాల్లో విస్తారంగా సాగైన పీబీడబ్ల్యూ 343లోకి వచ్చింది. అంత దూరం నడిచిన ఆ భుజం రై జాతిదని జెల్లర్, మెట్టిన్ వంటి పరిశోధకులు స్పష్టంగా చెప్పింది 1973లో. అంటే దాదాపు నలభై ఏళ్ల పాటు అది పేరు లేకుండానే పొలాల్లో తిరిగింది.

అంతకాలం ఎందుకు దొరకలేదంటే, లెక్కపెట్టి చూస్తే 42 క్రోమోజోములే ఉన్నాయి. ఒక భుజం పోయి మరో భుజం వస్తే సంఖ్య మారదు. చేరిన భుజం పొడవు కూడా అనుమానం వచ్చేంత తేడాగా లేదు. జాగ్రత్తగా చూసేవారికి ఒక ఆనవాలు దొరికేది. గోధుమలో 1బి, 6బి క్రోమోజోముల కొసల దగ్గర సన్నని నొక్కు, దాని అవతల చిన్న తునక కనిపిస్తాయి. రై భుజానికీ ఆ నొక్కు ఉంది గానీ, గోధుమ కణంలోకి వచ్చాక అక్కడి జన్యువులు అణగిపోయి నొక్కు కనిపించడం మానేస్తుంది. రెండు జతల్లో కనిపించాల్సిన నొక్కు ఒక్క జతలోనే కనిపిస్తే ఏదో మారిందని ఊహించవచ్చు. ఏం మారిందో మాత్రం చెప్పలేం. ట్రిటికేల్ విషయంలోనూ ఇలాగే జరిగింది. గోధుమ, రై కలయికతో మనిషి తయారు చేసిన ఈ పంటలో మెక్సికోలో దొరికిన ఆర్మడిల్లో అనే వరుస మిగతావాటి కంటే బాగా గింజ కట్టింది. అది సంపూర్ణమైన ట్రిటికేల్ అనుకున్నారు. తీరా క్రోమోజోములకు రంగు పట్టీలు వేసి చూస్తే రై 2ఆర్ పోయి దాని చోట గోధుమ 2డి ఉంది. ఇక్కడ కూడా మొత్తం 42. సంఖ్యను నమ్ముకున్నవారు రెండు పంటల్లోనూ మోసపోయారు. మొదటిదాంట్లో రై వచ్చిందని తెలియలేదు, రెండోదాంట్లో రై పోయిందని తెలియలేదు.

పొలంలో ఫలితం బాగుంటే చాలదా అన్న ప్రశ్నకు మొదటి జవాబు రొట్టె తయారీదారుల నుంచి వచ్చింది. రై భుజం ఉన్న గోధుమ పిండి కలిపితే జిగురుగా చేతికీ యంత్రానికీ అంటుకుంటుంది, ముద్ద బలం తగ్గుతుంది. దీనికి రెండు కారణాలు కలిసి పనిచేస్తాయి. పోయిన గోధుమ భుజం మీద పిండికి సాగే గుణం ఇచ్చే ప్రొటీన్ల జన్యువులున్నాయి. వచ్చిన రై భుజం మీద సెకాలిన్ అనే రై ప్రొటీన్ల జన్యువులున్నాయి. తుప్పు తెగులు కోసం తెచ్చిన భుజం పిండి గుణాన్ని కూడా మార్చింది. ఈ లోపాన్ని పొలంలో మొక్కను చూసి ఎవరూ కనిపెట్టలేరు. ముక్కలో ఏముందో తెలిసినప్పుడే దాన్ని సరిచేసే దారి దొరుకుతుంది. అమెరికాలో లుకాషెవ్‌స్కీ అనే పరిశోధకుడు సరిగ్గా ఆ పనే చేశాడు. పీహెచ్1 కాపలా లేని గోధుమను వాడి, రై భుజంలో సెకాలిన్ ఉన్న చోట గోధుమ తునకను తిరిగి చేర్పించాడు.

ఇప్పుడు ఆ ముక్కను చూసే పద్ధతుల సంగతి. 1970ల్లో జీమ్సా రంగు వాడిన పట్టీల పద్ధతి వచ్చింది. రై క్రోమోజోముల కొసల్లో చిక్కగా రంగు పట్టే పెద్ద పట్టీలు ఉంటాయి కాబట్టి గోధుమ మధ్య అవి తేలిగ్గా బయటపడ్డాయి. పట్టీలు లేని మధ్య భాగాల దగ్గర మాత్రం ఆ పద్ధతి మూగబోయేది. 1989లో ఇంగ్లండులో ష్వార్జాకర్, హెస్లప్-హారిసన్, వారి సహచరులు మరో పద్ధతిని ప్రకటించారు. జాతి మొత్తం డీఎన్ఏనే గుర్తుపట్టే సాధనంగా వాడడం ఇందులోని మెలకువ. మొలకెత్తిన గింజ వేరు కొనను తీసుకుంటారు. కణాలు విభజన మధ్యలో ఆగేలా చల్లని నీటిలోనో మరో విధంగానో ఉంచి, గాజు పలక మీద నలిపి క్రోమోజోములు విడివిడిగా పరుచుకునేలా చేస్తారు. రై మొక్క మొత్తం డీఎన్ఏను వేరుగా తీసి దానికి మెరిసే రంగు తగిలిస్తారు. పలక మీది క్రోమోజోముల డీఎన్ఏ రెండు పోగులను వేడితో విడదీసి, రంగు వేసిన రై డీఎన్ఏను పోస్తారు. జత దొరికిన చోట అది అతుక్కుంటుంది. గోధుమకూ రైకూ పోలికలు చాలా ఉన్నాయి గనుక గోధుమ మీద కూడా కొంత అతుక్కునే ప్రమాదం ఉంది. అందుకని రంగు వేయని గోధుమ డీఎన్ఏను దానికి ఎన్నో రెట్లు ఎక్కువగా కలుపుతారు. ఉమ్మడి చోట్లన్నిటినీ అది ముందే ఆక్రమించేస్తుంది. కడిగి ప్రత్యేకమైన సూక్ష్మదర్శిని కింద చూస్తే, గోధుమ క్రోమోజోములన్నీ ఒక రంగులో, రై భుజం మాత్రం మరో రంగులో వెలుగుతుంది. భుజం ఎక్కడ మొదలైందో, గోధుమ ఎక్కడ ఆగిందో సరిహద్దు కంటికి కనిపిస్తుంది. అనుమానానికి తావు లేకుండా ఇంత సూటిగా చెప్పిన పద్ధతి అంతకుముందు లేదు.

దీనికీ హద్దులున్నాయి. ముక్క మరీ చిన్నదైతే, క్రోమోజోము కొసన ఉంటే, వెలుగు కనిపించకపోవచ్చు. ఈజిలాప్స్ జెనిక్యులాటా అనే అడవి గడ్డి నుంచి వచ్చిన రెండు తుప్పు నిరోధక జన్యువుల ముక్క గోధుమలో అంత చిన్నది. అది కళ్లకు అందక, మార్కర్ల సాయంతోనే, అంటే ఒక్కో చోటును గుర్తుపట్టే డీఎన్ఏ ఆనవాళ్లతోనే, 2007లో వివరంగా వర్ణించబడింది. వరి దగ్గరికి వస్తే కష్టం ఇంకా ఎక్కువ. గోధుమ జన్యు సంపుటి దాదాపు 1600 కోట్ల డీఎన్ఏ అక్షరాలు, వరిది 40 కోట్ల ప్రాంతం. వరి క్రోమోజోములు చిన్నవి, లోపలికి వచ్చే ముక్కలూ చిన్నవే. ఒరైజా అఫిసినాలిస్ అనే అడవి వరి నుంచి సుడిదోమను తట్టుకునే గుణాన్ని ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో సాగు వరిలోకి తెచ్చారు. వచ్చిన ముక్కలు ఎంత చిన్నవో తేల్చింది డీఎన్ఏ తునకల పోలికే, రంగులు కాదు. తెలుగు నేల మీద జరిగిన పనికి కూడా ఇదే వర్తిస్తుంది. సాంబ మసూరి, అంటే బాపట్ల వంగడం బీపీటీ 5204, బ్యాక్టీరియా ఎండాకు తెగులుకు లొంగిపోయేది. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థ, కణ, అణు జీవశాస్త్ర కేంద్రమైన సీసీఎంబీ కలిసి మూడు నిరోధక జన్యువులను దానిలో కూర్చి 2008లో మెరుగైన సాంబ మసూరిని విడుదల చేశాయి. ఆ మూడింటిలో ఎక్స్ఎ21 ఆఫ్రికాలోని మాలి దేశపు అడవి వరి లాంజిస్టామినాటా నుంచి వచ్చింది. ఆ అడవి వరీ మన వరీ అంత దగ్గరి చుట్టాలు. మొత్తం డీఎన్ఏకు రంగు వేసి పోసినా రెండింటికీ తేడా పట్టదు. ప్రతి తరంలో ప్రతి మొక్క ఆకు నుంచి డీఎన్ఏ తీసి, 11వ క్రోమోజోము మీది ఆ చోటును మార్కర్‌తో పరీక్షించి, ఆ జన్యువున్న మొక్కలనే ముందుకు తీసుకెళ్లారు.

మార్కర్ అంత పని చేస్తుంటే మిగతా ముక్క గురించి చింత దేనికని ఒక ఆక్షేపణ వినిపిస్తుంది. మార్కర్ పొలంలో పాతిన సర్వే రాయి లాంటిది. అది ఉన్న చోటు గురించి నిజం చెబుతుంది, పొలం ఎంతవరకు సాగిందో చెప్పదు. కోరుకున్న జన్యువుకు రెండు పక్కలా మార్కర్లు పెట్టి చూసినప్పుడే ముక్క పొడవు తెలుస్తుంది. హైదరాబాద్ పరిశోధకులు ఎక్స్ఎ21 ఉందా అని చూడడంతో ఆగలేదు. మిగతా క్రోమోజోములు సాంబ మసూరివే అయ్యాయా అని కూడా మార్కర్లతో చూశారు. సన్నబియ్యం గుణం నిలిచింది అందుకే. ముక్క సరిహద్దు ఎంత కీలకమో రై భుజమే మళ్లీ చెప్పింది. పిండి గుణం కోసం లుకాషెవ్‌స్కీ తిరిగి చేర్చిన గోధుమ తునకల్లో ఒకదాని గురించి కాలిఫోర్నియాలో డుబ్కోవ్‌స్కీ బృందం చేసిన పరిశోధనలు ఒక ఊహించని సంగతి బయటపెట్టాయి. రై భుజం కొస దగ్గర ఆ కొద్దిపాటి తునక మారినందుకు మొక్క వేళ్లు పొట్టివయ్యాయి, నీటి ఎద్దడిలో దిగుబడి తగ్గింది. మంచి చేద్దామని మార్చిన చోటే వేళ్ల పొడవుకు సంబంధించిన జన్యువులు ఉన్నాయి. ఒక్క జన్యువును మాత్రమే చూసేవారికి ఈ లాభం గానీ ఈ నష్టం గానీ ఎన్నటికీ అర్థం కాదు.

ముక్క లోపలి సంగతి ఒకటైతే, అది ఎంత దూరం వ్యాపించిందన్నది అంతకంటే పెద్ద సంగతి. రై భుజం మీది ఎస్ఆర్31 జన్యువు కాండపు తుప్పును దశాబ్దాల పాటు ఎక్కడా ఓడిపోకుండా ఆపింది. ఆ నమ్మకంతోనే ఖండాలు దాటి వందల వంగడాల్లో అదే భుజం చేరింది. 1998లో ఉగాండాలో, ఆ జన్యువు ఉన్న గోధుమ మీద తుప్పు కనిపించింది. 1999లో నమూనాలు పరీక్షించారు గనుక ఆ శిలీంధ్రానికి యూజీ99 అనే పేరు నిలిచిపోయింది. తర్వాతి ఏళ్లలో అది కెన్యా, ఇథియోపియా, సూడాన్, యెమెన్, ఇరాన్ దాకా వచ్చింది. ఆ దారిలో తర్వాత ఉన్నది దక్షిణాసియా గోధుమ మైదానాలు. పైకి వేర్వేరు పేర్లు, వేర్వేరు రాష్ట్రాలు, వేర్వేరు విత్తన సంచులు. లోపల మాత్రం ఒకే తాళం. ఆ తాళం తీసే శిలీంధ్రం ఒక్కటి పుడితే చాలు.

ఇక్కడ చాలా న్యాయమైన ప్రశ్న ఒకటి లేస్తుంది. రై భుజం సంగతి 1973 నుంచీ తెలుసు కదా, తెలిసి కూడా యూజీ99 ముప్పును ఆపలేకపోయారు కదా, కనిపెట్టి లాభమేమిటి? ఈ ప్రశ్నను నేను తేలిగ్గా తీసుకోను. తెలిసిన సంగతి పరిశోధన పత్రికల్లో ఉంది, ఏ రాష్ట్రంలో ఎంత విస్తీర్ణం ఆ ఒక్క భుజం మీద నడుస్తోందన్న లెక్కగా విధాన నిర్ణయాల దగ్గరికి చేరలేదు. లోపం అక్కడ ఉంది. కానీ ఆ భుజాన్ని గుర్తించే సాధనాలు చేతిలో ఉండబట్టే, యూజీ99 కబురు రాగానే ఏ వంగడాలు ప్రమాదంలో ఉన్నాయో జాబితా తయారు చేయగలిగారు. వేల కొద్దీ వరుసలను కెన్యాలోని న్జోరో పరిశోధన కేంద్రానికి పంపి పరీక్షించినప్పుడు, ఏ మొక్కలో నిరోధం దేనివల్ల వచ్చిందో విడదీసి చెప్పగలిగారు. గుర్తింపు ఆలస్యంగా వాడుకున్నారు కాబట్టి నష్టభయం కలిగింది. అసలు గుర్తింపే లేకుంటే ఆ భయానికి రూపం కూడా ఉండేది కాదు.

మరో ఆక్షేపణ ఈ కాలపు శాస్త్రం నుంచి వస్తుంది. 2018లో గోధుమ జన్యు సంపుటి వివరంగా వెలువడింది, 2020లో పదికి పైగా వంగడాల పూర్తి పాఠాలు వచ్చాయి, ఇక వేరు కొనలు నలిపి సూక్ష్మదర్శినిలో చూడడం పాతకాలపు పని కాదా అంటారు. ఆ 2020 పనిని నేను ఎంతో గౌరవిస్తాను. దానివల్లే ఆస్ట్రేలియా వంగడం లాన్సర్‌లో 2బి క్రోమోజోములో దాదాపు సగం టిమోఫీవి అనే మరో గోధుమ జాతిదని తేలింది. అయినా ఒక చిక్కుంది. అక్షరాల పాఠాన్ని సాధారణంగా ఒక ప్రామాణిక గోధుమ పాఠంతో పోల్చి చదువుతారు. పరాయి ముక్క అక్షరాలు ఆ ప్రామాణిక పాఠంలో లేవు గనుక అక్కడ పాఠం పలచబడి ఖాళీలా కనిపిస్తుంది. ఖాళీని బట్టి ఏదో మారిందని తెలుస్తుంది. వచ్చిన ముక్క ఆ చోటే కూర్చుందా, మరో క్రోమోజోముకు అతుక్కుందా, విడిగా తేలుతూ తర్వాతి తరంలో రాలిపోతుందా అన్నది తేలడానికి క్రోమోజోమును చూడాల్సిందే. కొత్త సంకరం తొలి తరాల్లో ప్రతి మొక్కా వేరు. అన్నిటికీ పూర్తి పాఠం చదివించే స్తోమత చాలా కేంద్రాలకు లేదు. వేరు కొన, గాజు పలక, ఓపికున్న కళ్లు ఉంటే ఆ పని జరుగుతుంది. రెండు పద్ధతులూ ఒకదాని ఖాళీని మరొకటి పూరిస్తున్నాయి. ఒకటి వచ్చిందని మరొకదాని శిక్షణ ఆపేయడం పెద్ద పొరపాటు. క్రోమోజోములు చూడడం నేర్పే ప్రయోగశాలలు విశ్వవిద్యాలయాల్లో తగ్గిపోవడం నాకు బాధ కలిగిస్తుంది.

పరాయి ముక్క అన్న మాట బయట పెడితే జనం భయపడతారని, జన్యుమార్పిడి పంటలతో కలిపి చూస్తారని కొందరి జంకు. ఈ ముక్కలు పుప్పొడి, అండాల కలయికతోనే వచ్చినవి. కొన్నిటికి పిండాన్ని ప్రయోగశాలలో పెంచాల్సి వచ్చింది, కొన్నిటికి కిరణాల సాయం కావాల్సి వచ్చింది. ఈ సంగతి విడమరిచి చెబితే వినేవారు అర్థం చేసుకుంటారు. దాచిపెట్టి, తర్వాత ఎవరో బయటపెట్టినప్పుడు పుట్టే అనుమానం అంతకంటే చేటు. అందువల్ల కొత్త వంగడం విడుదల పత్రంలో దిగుబడి, కోతకాలం, గింజ రకంతో పాటు, అందులో ఏ అడవి బంధువు నుంచి ఏ ముక్క ఉంది, ఏ క్రోమోజోములో ఉంది, ఏ పద్ధతితో చూశారు, అదే ముక్క ఇప్పటికే సాగులో ఉన్న ఏ వంగడాల్లో ఉంది అన్నవి కూడా రాయాలి. ఈ పరీక్షలకు అయ్యే ఖర్చు, ఒక వంగడం తయారీకి పట్టే ఏళ్ల శ్రమతో పోలిస్తే స్వల్పం.

ఇది పాత కథ గురించిన పట్టింపు కాదనడానికి 2ఎన్ఎస్ అనే ముక్క సాక్ష్యం. ఈజిలాప్స్ వెంట్రికోసా అనే అడవి గడ్డి నుంచి ఫ్రాన్స్‌లో గోధుమలోకి వచ్చిన ముక్క ఇది, పొడవు సుమారు 3.3 కోట్ల అక్షరాలు. మూడు రకాల తుప్పు తెగుళ్ల నిరోధక జన్యువుల కోసం దాన్ని తెచ్చారు. 1985లో బ్రెజిల్‌లో మొదట కనిపించిన గోధుమ బ్లాస్ట్ తెగులును కూడా అది అడ్డుకుంటుందని చాలా ఆలస్యంగా తెలిసింది. ఆ తెగులు 2016లో బంగ్లాదేశ్‌లో విరుచుకుపడినప్పుడు మన సరిహద్దుల్లోనే కలవరం పుట్టింది. మరుసటి ఏడే అక్కడ 2ఎన్ఎస్ ఉన్న బారి గమ్ 33 వంగడాన్ని విడుదల చేశారు. ఇప్పుడు ఎన్నో దేశాల్లో కొత్త వరుసల్లో చాలావరకు ఆ ముక్క చుట్టూనే తిరుగుతున్నాయి. దక్షిణ అమెరికాలో మాత్రం ఆ ముక్క ఉన్న గోధుమను కూడా దెబ్బతీయగల శిలీంధ్రాలు అప్పుడే నమోదయ్యాయి. అందుకే బ్లాస్ట్‌ను తట్టుకునే మరో ఆధారం కోసం వెతుకుతున్న పరిశోధకులు, ఏదైనా వరుస తెగులు పొలంలో పచ్చగా నిలబడితే ముందుగా దాని ఆకు తీసి 2ఎన్ఎస్ ఉందో లేదో పరీక్షిస్తున్నారు. ఉంటే ఆ వరుసను కొత్త ఆధారాల జాబితాలో చేర్చరు. లేదని తేలిన కొద్ది వరుసల మీదే మిగతా పనంతా నడుస్తోంది.